చిన్నది నూనె కక్కుతోంది

మిర్యాలగూడ
4 ఆగస్టు 1974

చి.ల.సౌ. కన్యకకు శ్రీపతి ఆశీస్సులు.

ఇక్కడ అమ్మ, మన రెండేళ్ళ నీలా కులాసా. నిన్నూ బాబునూ పుట్టింటి నుంచి మన కారులోనే తెచ్చుకోవాలని నా పంతం. అందుకే పాత ఇంజనుకు టర్బో బిగించాను. ఆనకట్ట పని అయ్యాక వేలం వేసిన యంత్రంలోది. ఇంజను వదిలే పొగతో దాని చక్రం తిరిగి, ఇంజనులోకి మరింత గాలి తోస్తుంది. ముద్దొచ్చి ‘చిన్నది’ అని పేరు పెట్టాను. ఇంజను మాట వస్తే నువ్వు పేజీ తిప్పేస్తావు. ఈసారైనా చదువు.

ఇట్లు
శ్రీపతి

తా.క.: చిన్నదానికి నిన్న నూనె బాగా పట్టించాను. తాగినట్టే తాగి అంతా కక్కింది. ఒళ్ళు కాలిపోతోంది. అమ్మ ముక్కు మూసుకుని పెరట్లోకి పోయింది.

కోదాడ
7 ఆగస్టు

శ్రీవారికి నమస్కరించి కన్యక రాయునది.

మీ ఉత్తరం చివర చదివి పరుగున అమ్మకు చెప్పాను. చిన్నదానికి ఎవరైనా అంత నూనె పట్టిస్తారా? మా అమ్మ ఏమందో వినండి: “గంత నూనె ఒక్కసారి పోస్తే యాడికి పోతది? కొంచెం కొంచెం పొయ్యాలె. తాగింది కిందికి దిగే తొవ్వ సాఫ్‌గ ఉంటే కక్కుడెందుకు? నిటారుగ ఉంచమను.”

మీ
కన్యక

తా.క.: దాన్ని తెగ ఆడించి ఒక్కసారిగా పడుకోబెట్టడం మీకు అలవాటు. కాసేపు నెమ్మదించనివ్వండి. వేడి దానంతటదే దిగుతుంది.

మిర్యాలగూడ
10 ఆగస్టు

ప్రియమైన కన్యకకు,

నా చిక్కును నువ్వు ఇంతగా పట్టించుకోవడం పెళ్ళయ్యాక ఇదే మొదలు! నీ ఉత్తరం మన బియ్యం మిల్లులో అందరికీ చదివి వినిపించాను. అత్తయ్య మాట అక్షరాలా నిజం. వెంటనే సూర్యాపేట మైసయ్య దగ్గరికి తీసుకుపోయాను. తాగింది దిగే గొట్టం సన్నం, పైగా వంకర. మైసయ్య దాన్ని కోసి పారేసి, పొట్టకు బెజ్జం చేసి లావు గొట్టం అతికాడు. “ఇగ కక్కితే నన్నడుగు సేటూ” అన్నాడు.

నీ
శ్రీపతి

తా.క.: ఇప్పుడు చుక్క కక్కడం లేదు. గొంతు మాత్రం మారింది. ఈల వేస్తోంది. ఎంత హాయిగా ఉందో!

మిర్యాలగూడ, మన ఇల్లు
13 ఆగస్టు

శ్రీవారికి,

ఈ చీటీ బస్సు డ్రైవర్ బీరన్న చేతికి ఇస్తున్నాను. మీ ఉత్తరం చూసి అమ్మా నేనూ ఏడుస్తూ, బాబును ఎత్తుకుని సూర్యాపేట బస్సెక్కాం. “పసిదాని పొట్ట కోస్తవా?” అని అమ్మ మైసయ్య మీదికి గొడుగెత్తింది. “నేను ఇనుము కోస్తనమ్మా, పోరగాండ్లను కాదు!” అని ఆయన బల్ల వెనక్కి దూకాడు. ఆ పొట్ట ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టి అట!

ఇక్కడికి వస్తే, మీరు నీలాతో మమ్మల్ని తేవడానికే కారులో కోదాడ వెళ్ళారని అత్తయ్య చెప్పింది. మీ మొదటి ఉత్తరంలో నేను తిప్పేసిన పేజీ ఇప్పుడు చదివాను. నా సలహాకు మీరెందుకంత మురిసిపోయారో తెలిసి, నవ్వాలో ఏడవాలో తోచలేదు.

మీ
కన్యక

తా.క.: అమ్మ ఇప్పుడు మన వీధిలో వాళ్ళందరి ఇంజన్లకూ సలహాలు ఇస్తోంది.

కోదాడ
14 ఆగస్టు

ప్రియమైన కన్యకకు,

చీటీ అందింది. పొరపాటున దొరికిన సలహా అయినా నా ఆనందం వెనక్కి ఇవ్వను. రెక్కలు కట్టుకుని రావాలని ఉంది. కారు మాత్రం లేదు. మామయ్య “జర పక్కూరు చిలుకూరు దాకా పోయొస్త అల్లుడూ” అని నీలాను పక్కన కూర్చోబెట్టుకుని పొద్దున వెళ్ళారు. కారు చిలుకూరులో ఆగనే లేదట. “మీ అత్త లేని ఇల్లు ఇల్లులెక్క లేదు. తెచ్చుకుంటా” అని ఊరి చివర టీ కొట్టులో నాకు కబురు పెట్టి, హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ దారి పట్టారట.

అంటే కారుతో సహా మీరంతా మిర్యాలగూడలో. నేనొక్కణ్ణే కోదాడలో.

ఇట్లు, మీ ఇంటి కాపలాదారు
శ్రీపతి

తా.క.: దీన్ని బీరన్న చేతికిద్దామని బస్టాండుకు వచ్చి, నేనూ ఆయన బస్సే ఎక్కాను. తలుపు తీయగానే ఉత్తరం నేనే ఇస్తాను. ఏమీ తెలియనట్టు అందుకో.