పువ్వులాంటిదని రాయను

అక్కా,

నువ్వు పోయి ఏడాదయింది. దొరసాని నడిపిన మిషను బడిలో మనం నేర్చుకున్న చదువుతో నీ గురించి రాసి, రాజమండ్రిలో చర్చి సంఘం పత్రికకు పట్టుకెళ్ళాను. పత్రిక చూసే పంతులుగారు చదివి మొహం చిట్లించారు.

"పులస చేప ముళ్ళు ఏరుతూ కీర్తనలు పాడేదని, కోపమొస్తే గిన్నెలు విసిరేసేదని రాశారేంటండి? పువ్వులాంటిది, దేవదూతలాంటిది అని రాయండి."

"అలా రాస్తే ఎవరి అక్కయినా కావచ్చండి. ఇది మా అక్క."

"అయితే వెయ్యమండి."

కాగితాలు వెనక్కి తీసుకున్నాను. ఆదివారం ఆరాధన ముగియగానే, ఎవరూ లేవకముందే నిలబడి అంతా పైకి చదివాను. పంతులుగారు ముందు వరసలోనే ఉన్నారు. వెనకనుంచి మీ అత్తగారు లేచారు.

"గురక కూడా పెట్టేదమ్మా. అది వదిలేశావు."

అక్కడే నిలబడి అదీ రాశాను.