ఒకే నంబరు

బాబాయ్‌కి,

నమస్కారం పెట్టే ముఖం లేదు, అయినా పెడుతున్నాను. పిన్ని మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో, చెల్లి కూతురు పాకుతోందో లేదో అడిగి, అసలు సంగతి చివర్లో ఇరికిద్దామనుకున్నాను. ఇంతవరకూ తెచ్చుకున్నది ఆ తెలివితేటలతోనే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. మన యాసిడ్ లైను ఫిట్టరు చేతులు కాలడానికి కారణం నువ్వేనని ఇక్కడ తేల్చారు. కారణం నేను.

నువ్వు రిటైరవడానికి నెల ముందు, చెల్లి పురిటికని పది రోజులు సెలవు పెట్టావు చూడు, అప్పుడు జరిగింది. కొత్త సిస్టమ్ పెట్టబోతూ ఫ్యాక్టరీలో ప్రతి వస్తువుకీ ఒకే నంబరు ఉండాలన్నారు. కొనేవాళ్ళు, స్టోర్ వాళ్ళు, రిపేరు వాళ్ళు అందరూ ఆ నంబరే చూడాలి, ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారిపోవాలి. మంచి మాటే. పాత రిజిస్టర్లు తిరగేస్తే ఒక్క బోల్టుకి నాలుగు పేర్లు, ఐదు నంబర్లు. అవి ఏరి కలిపేయడం నా పని. రోజుకెన్ని కలిపానో మేనేజరు గది బయట బోర్డు మీద రాసేవారు. నాకు పూనకం వచ్చింది. రెండంగుళాల నల్ల రబ్బరు వాషర్లు రెండు నంబర్ల కింద కనిపించాయి. పేరూ అదే, సైజూ అదే. లేచి వెళ్ళి అరలో చూడాల్సింది. నలభై అడుగులు. నడవలేదు. ఒకటి నీళ్ళ పైపుకీ ఒకటి యాసిడ్ పైపుకీ అని తెలుసుకోకుండానే రెంటినీ ఒకటి చేసేశాను.

అలా కలపాలంటే స్టోర్‌కీపర్ అనుమతి, అంటే నీ అనుమతి, కావాలి. "పెద్దాయన పాస్‌వర్డ్ నీ దగ్గరుందిగా, కానిచ్చెయ్యమ్మా" అన్నాడు మేనేజరు. సెలవులో ఉంటే పనాగకూడదని నువ్వే చీటీ మీద రాసిచ్చి వెళ్ళావు. అందుకే మార్చిందెవరని సిస్టమ్‌ని అడిగితే నీ పేరు చూపిస్తోంది. ఆ తర్వాత అంతా సవ్యంగా జరిగింది, ఘోరమంతా అందులోనే ఉంది. కొనేవాళ్ళు ఒకే నంబరు చూసి ఒకే రకం తెప్పించారు. స్టోర్లో రెండు డబ్బాలూ ఒక్క డబ్బాలో పోశారు. ఆరు నెలలకి నీళ్ళ వాషరు యాసిడ్ పైపులో కూర్చుంది. అది కరిగి యాసిడ్ ఫిట్టరు చేతుల మీదికి చిమ్మింది.

విచారణ గదిలో నేనూ ఉన్నాను. తెర మీద నీ పేరు పడగానే, "ముసలాయనకి కొత్త సిస్టమ్ తలకెక్కలేదు, పాపం" అన్నాడు మేనేజరు, నా వైపు చూడకుండా. నేను బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. వారం తిరక్కుండా నన్ను డేటా విభాగానికి హెడ్‌ని చేశారు. అమ్మా నాన్నా పోయాక నాకింత ముద్ద పెట్టి, చదివించి, ఆ గేటు లోపలికి చెయ్యి పట్టి తీసుకెళ్ళినవాడివి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది.

నీకు నోటీసు వస్తుంది. సంతకం పెట్టకు. నువ్వు ఒప్పుకోనని రాస్తే నేను లేచి నిజం చెప్తాను. నా అంతట నేను ముందుగా చెప్పడానికి ధైర్యం చాలడం లేదు. ఇంతకన్నా సిగ్గుమాలిన వాక్యం నేనెప్పుడూ రాయలేదు.

నీ
పిచ్చుక

*

పిచ్చుకా,

నీ ఉత్తరం గురువారం అందింది. నోటీసు సోమవారమే వచ్చింది. సంతకం పెట్టి ఆ పూటే పంపేశాను. ఆ పని నీదేనని అప్పుడే ఊహించాను, కానీ నిన్ను కాపాడ్డానికి పెట్టాననుకోకు.

ఆ రెండు వాషర్లకీ ఒకే పేరు రాసింది నేను. ఏది దేనికో పక్క గడిలో రాయమని పాత మేనేజరు మూడుసార్లు అడిగాడు. "రాస్తాను సార్" అన్నాను, రాయలేదు. అన్నీ పుస్తకంలోనే ఉంటే ఇక నన్నెవరు పిలుస్తారు? కంచం ముందు కూర్చోగానే "పెద్దాయనా, ఇది ఏ లైనుదీ?" అని ఫోను వచ్చేది. మీ పిన్ని విసుక్కునేది. నాకు మాత్రం దాంతోనే కడుపు నిండేది. చెయ్యి కూడా కడుక్కోకుండా పరిగెత్తేవాణ్ణి. ముప్పై ఏళ్ళు ఆ తేడాలన్నీ నా బుర్రలోనే పెట్టుకుని తిరిగాను. దిగిపోయేముందు నీకైనా చెప్పొచ్చుగా? చెప్పలేదు. రిటైరయ్యాక కూడా ఫోన్లు వస్తాయని ఆశ. ఒక్కటీ రాలేదు. సిస్టమ్ ఉందిగా మరి.

కాబట్టి ఆ సంతకం నా తప్పుకి నేను పెట్టుకున్నది. దాంతో నీది తీరదు. చూడకుండా కలపడం ఒకటి, నా పేరు చాటున దాక్కోవడం ఇంకొకటి. రెండోది చదివి మీ పిన్ని ఏడ్చింది. క్షమించమని మాత్రం నన్నడక్కు, నేనివ్వను. ఇవ్వాల్సినవాడు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాడట. వెళ్ళు.

పాప పాకుతోంది. మోకాళ్ళు అలాగే ఉన్నాయి.

మీ బాబాయ్

*

బాబాయ్,

ముందు మేనేజరు దగ్గరికే వెళ్ళి, జరిగిందంతా రాసిన కాగితం ఇచ్చాను. చదివి, "ఆ కేసు మూసేశాం కదమ్మా. బాధ్యుడి పేరుకి సిస్టమ్‌లో ఉన్నది ఒక్క గడి, అందులో పెద్దాయన ఉన్నాడు. మళ్ళీ తెరిస్తే నన్నూ అడుగుతారు. వెళ్ళి పని చూసుకో" అని తిరిగి నా చేతిలోనే పెట్టాడు. దాన్ని హెడ్డాఫీసుకి రిజిస్టర్ పోస్టులో పంపాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు.

ఫిట్టరు ఇంటికి వెళ్ళేసరికి వాళ్ళావిడ అతనికి అన్నం తినిపిస్తోంది. రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లు. గుమ్మం దగ్గర నిలబడే అంతా చెప్పాను. నువ్వు దాచుకున్న సంగతి కూడా చెప్పాను. అతను నోట్లో ముద్ద నమిలి మింగాడు.

"ఆ వాషరు పట్టుకోగానే నాకు అనుమానం వచ్చిందమ్మా. యాసిడ్‌ది కాస్త గట్టిగా ఉంటుంది, ఇది మెత్తగా ఉంది. పెద్దాయన ఉంటే ఆయన్నే అడిగేవాణ్ణి. లేడు కదా, ఎందుకైనా మంచిదని ఫోన్ చేసి కనుక్కున్నాను" అన్నాడు.

"ఎవరికి చేశావు?" అని అడిగాను.

"నీకేనమ్మా. 'సిస్టమ్‌లో ఒకే నంబరుంది, రెండూ ఒకటే, బిగించెయ్' అన్నావు."

నాకు గుర్తు లేదు బాబాయ్. ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. అలాంటి ఫోన్లు రోజుకి యాభై వస్తాయి. అతను క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. నాకు మంచినీళ్ళు ఇవ్వమని వాళ్ళావిడకి చెప్పాడు. గ్లాసు పట్టుకున్నాను గానీ తాగలేకపోయాను.

నిన్నడిగితే అన్నం వదిలేసి పరిగెత్తేవాడివి. నన్నడిగితే నేను తెర మీంచి తల కూడా ఎత్తి ఉండను.

పిచ్చుక