నిలబడి వాయించిన తోడి

మార్కమ్, కెనడా, ఆగస్టు 2023

చిరంజీవి కిరీటికి ఝాన్సీలక్ష్మి ఆంటీ ఆశీస్సులు.

ఫోన్‌లో ఏం చెప్పినా "ఓకే ఆంటీ" అంటావు. కాగితం మీద ఓకే ఒక్కటే రాసి పంపలేవని ఈ ఉత్తరం.

మా పక్కింటి కమలకుమారి నీ వీడియో పంపింది. నా ఫోన్‌లో వీడియోలకి సౌండ్ రావడం లేదు, బొమ్మ మాత్రం చూశాను, వేదిక మీద నువ్వొక్కడివే కనిపించావు. గుండె గుభేల్‌మంది. నువ్వు నిలబడి వాయిస్తున్నావు, అదీ బూట్లతో. మన వయొలిన్ వాళ్లు నేల మీద కూర్చుని, వయొలిన్ తలని కుడి పాదానికి ఆనించి వాయిస్తారు గానీ, కూర్చోగలిగినవాడు ఎవడైనా నిలబడతాడా? నాయనా, కాలికి ఏమైంది? విండ్సర్‌లో డాక్టరుకి చూపించావా?

వచ్చే నెల నా కచేరీ. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ పాడుతున్నాను. వయొలిన్ విశ్వనాథం గారు కాల్గరీ వెళ్లిపోయాక నా పక్కన వాయించడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు. నువ్వు రాకపోతే కచేరీ లేదు. మర్దన తైలం పంపుతున్నాను, రెండు పూటలా కాలికి రాసుకో.

నీ క్షేమం కోరే,
ఝాన్సీలక్ష్మి

తా.క.: తైలం సీసా ఇంగువ డబ్బా పక్కన సర్దాను. వాసన వస్తే కంగారుపడకు.

*

విండ్సర్

ఆంటీ గారికి కిరీటి నమస్కారాలు.

ఉత్తరం రాయడం నాకిదే మొదటిసారి, తప్పులుంటే ఏమనుకోకండి. కాలు కొంచెం పట్టేసింది. పెద్దగా ఏం లేదు. కచేరీకి తప్పకుండా వస్తాను. మీ పక్కన వాయించాలని నాకెంత ఉందో చెప్పలేను. దయచేసి ఇంకెవరినీ చూడకండి.

మీ
కిరీటి

తా.క.: నా రూమ్‌మేట్ కెన్నీ ఇంగువ వాసన చూసి, మీ తైలంతో పప్పుకి పోపు పెట్టాడు. అందరం తిన్నాం. బాగానే ఉన్నాం.

*

మార్కమ్

చిరంజీవి కిరీటీ,

పెద్దగా ఏం లేదన్నావంటే చాలానే ఉందని అర్థమైంది. మీ వయసు వాళ్ల సంగతి నాకు తెలియదా?

కచేరీ కమిటీతో మాట్లాడాను. నిన్నొక్కణ్ణే కుర్చీలో కూర్చోబెడితే ఎబ్బెట్టుగా ఉంటుంది కనుక అందరం కుర్చీల్లోనే కూర్చుంటాం. కుర్చీలో కూర్చుంటే మృదంగం ఎక్కడ పెట్టుకోవాలని కోదండరామ్ గారు అలిగారు. ఆయనకి బల్ల వేయిస్తున్నాం. కమిటీలో ఉన్న పీటర్ గారు వాళ్ల చర్చిలో నీ కాలి కోసం ప్రార్థన చేయించారు. నేను గుళ్లో అర్చన చేయించాను. నువ్వేం దిగులు పెట్టుకోకు.

ఆశీస్సులతో,
ఝాన్సీలక్ష్మి

తా.క.: అర్చనకి నీ నక్షత్రం తెలియక నాదే చెప్పాను. పుణ్యం ఎటు పోతుందో చూడాలి.

*

విండ్సర్

ఆంటీ గారికి నమస్కారాలు.

చర్చిలో ప్రార్థన అన్నాక నాకు అన్నం సయించడం లేదు. నా కాలు నిక్షేపంగా ఉందండి. నేను కెన్నీ బ్యాండ్‌లో వాయిస్తున్నాను. వాడు కాకినాడ చర్చిలో డ్రమ్స్ నేర్చుకున్నాడు. ఇంకో అబ్బాయి గిటార్. కూర్చుంటే డ్రమ్స్ వెనక నేను కనిపించను, అందుకే నిలబడ్డాను.

వినేవాళ్లంతా మాలాగే కొత్తగా వచ్చిన స్టూడెంట్స్. వేర్‌హౌస్ షిఫ్ట్ దిగి, జాకెట్ కూడా విప్పకుండా వచ్చి కూర్చుంటారు. నేను వాయించిన తోడి రాగమంటే ఏమిటో ఒక్కరికీ తెలియదు. అయిపోయాక ఒక పంజాబీ అమ్మాయి వచ్చి, "డ్రమ్స్ లేని ఆ నెమ్మదైన భాగం మళ్లీ వాయించు" అంది. ఆ అమ్మాయి అడిగింది మన ఆలాపనే ఆంటీ.

కచేరీ నుంచి తీసేస్తారన్న భయంతో మీకు అబద్ధం చెప్పినందుకు సిగ్గుగా ఉంది. బ్యాండ్‌లో వాయించినందుకు మాత్రం లేదు. నన్ను తీసేసినా మీ తప్పు కాదు. కానీ తీసేయకండి.

మీ
కిరీటి

తా.క.: పీటర్ అంకుల్‌కి కాలు తగ్గిందని చెప్పండి. దేవుడికి మాట రాకూడదు.

*

మార్కమ్

కిరీటీ,

ఆశీస్సులు రాయనంత కోపంతో మొదలుపెట్టాను. కమలకుమారి ఇంటికి వెళ్లి వీడియో సౌండ్‌తో విన్నాను. మొదట తిట్టడానికి విన్నాను. తర్వాత ఊరికే విన్నాను.

తోడిలో గాంధార స్వరం ఊగాలి. నువ్వు నిలబడింది చాలక దాన్ని కూడా నిలబెట్టావు. గిటార్ పక్కన చేరి తిన్నగా అయిపోయింది. అది నష్టమే, కాదనకు. రోజూ ఫోన్ చేసి గాంధారం వినిపించు, మళ్లీ దారికి తెద్దాం. అయితే నీ ఆలాపన సాగినంతసేపూ అక్కడ ఒక్కరూ కదల్లేదు. ఇక్కడ మృదంగం ఒక్కటే వాయించే వేళకి సగం హాలు కాఫీకి లేచిపోతుంది, కోదండరామ్ గారు ఖాళీ కుర్చీలకి వినిపిస్తారు. కెన్నీనీ ఆ పిల్లలనీ వెంటబెట్టుకుని రా.

కుర్చీలు మాత్రం తీయించను. నా మోకాళ్లు అరిగిపోయాయి నాయనా. నేల మీద కూర్చోలేకే కచేరీలు మానేసి, గొంతు బాగాలేదని అందరితో చెప్పాను. ఈసారి నొప్పి మాత్రలు మింగి ఎలాగో గట్టెక్కుదామనుకున్నాను. కుర్చీ ఎక్కితే సంగీతం మంట కలిసినట్టేనని అందరినీ దులిపిందాన్ని, ఏ ముఖం పెట్టుకుని కుర్చీ అడగను? నీ కాలు బాగాలేదని తెలియగానే నాకు సంతోషం వేసింది. ఆ రాత్రి చాలా రోజులకి గొంతెత్తి పాడుకున్నాను.

కాబట్టి పీటర్ గారికి తగ్గిందని చెప్పలేదు. కచేరీ రోజున కుంటుతూ రా.

ప్రేమతో,
ఆంటీ

తా.క.: కుడి కాలు. కమిటీకి అలాగే చెప్పాను.