పూత ఆరకముందు

వదినా, నేను కులాసా, బెంగపడకు.

అన్నయ్య పోయే ముందు నాచు, గుల్లలు పట్టకుండా పూత పూసి సముద్రంలోకి దింపిన సెన్సర్‌ను నిన్న పైకి తీశాం. ఎనిమిది నెలలైనా అద్దంలా ఉంది. ఒక్కచోట మాత్రం బొటనవేలంత మేర గుల్లలు పట్టాయి. “ఆరకముందే ముట్టుకోకురా వెధవా” అని నన్ను రోజూ తిట్టిన మనిషే తొందరపడి పచ్చి పూతమీద వేలు పెట్టాడు! ఇంజినీరు గీకేయమన్నాడు. చేతులు రాలేదు. ఈ కార్డు దానిమీద పెట్టి, పెన్సిలుతో రుద్ది అచ్చు తీశాకే గీకాను.

పాపకి జ్వరం తగ్గిందా? వంటింటి కొళాయి నువ్వు విప్పకు, నేనొచ్చి చూస్తాను. అన్నయ్య మఫ్లరు పంపు, ఇక్కడ చలి. పాపకి ముద్దులు.

అడ్రసు పక్కన నల్లగా ఉన్నది మరకనుకుని చెరిపేవు, జాగ్రత్త.

నీ మరిది