పాటలో లేని ఊరు

జగ్గయ్యపేట,
25-2-2025, మంగళవారం.

నా బంగారు తల్లి, టీచరమ్మ అఫ్రీన్‌కి,

మీ అబ్బా నాసర్ నిండు మనసుతో దీవించి రాస్తున్న ఉత్తరం. అల్లా దయవల్ల నేనూ మీ అమ్మా బాగున్నాం. మోకాలి నొప్పి తగ్గిందని మీ అమ్మ అంటోంది గానీ, మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకుంటూనే ఉంది. నందిగామలో నువ్వూ, అల్లుడు అబ్బాసూ చల్లగా ఉండాలి.

చేతిలో ఫోను పెట్టుకుని ఈ ఉత్తరమేంటి అనుకుంటావు. ఫోనులో నువ్వు అబ్బా అంటే చాలు, నేను చెప్పాల్సినవన్నీ మర్చిపోతా. లారీ మీద ఉన్న రోజుల్లో ఆగిన ప్రతి ఊరి నుంచీ నీకు కార్డు రాసేవాణ్ణి. ఐదో తరగతి చదువుకి అదొక్కటే బాగా వచ్చిన పని.

ముందు సంతోషం రాస్తా. శనివారం సాయంత్రం మీ నందిగామలో ఆ ప్రైవేటు స్కూలు వార్షికోత్సవంలో నీకు శాలువా కప్పారు చూడు, అప్పుడు నేనక్కడే ఉన్నా. వెనక నుంచి మూడో వరసలో. నువ్వు పిలవలేదు. హడావుడిలో మర్చిపోయుంటావులే అనుకున్నా. మన వీధి ఆటో నవీన్‌బాబు కరపత్రం పట్టుకొచ్చి, బాబాయ్, అఫ్రీనక్కకి సన్మానమంట, నువ్వేంటి ఇంకా లుంగీలో ఉన్నావు అని కేకలేశాడు. మీ అమ్మ పండక్కని దాచిన తెల్లచొక్కా తీసిచ్చింది. నిన్ను స్టేజీ మీదికి పిలిచినప్పుడు ఎంత గట్టిగా చప్పట్లు కొట్టానంటే, ముందు కుర్చీలో ఉన్నావిడ వెనక్కి తిరిగి, ఎవరండీ మీరు అనడిగింది. ఆ అమ్మాయి తండ్రినమ్మా అన్నా. డెబ్భై ఒకటి నిండాయి, ఆ మాట అన్నప్పటంత సంబరం నాకు ఎన్నడూ కలగలేదు తల్లీ.

అంతలో మన పాట మొదలైంది. అట్టలతో లారీ చేశారు. చక్రాలకి రంగులు. రెండొందల మంది పిల్లలు ఒక్క గొంతుతో,

ముక్త్యాలలో మూటలెత్తి ముందుకెళదాం,
చందర్లపాడు చేలగట్టున చద్ది తిందాం

అని ఎత్తుకుంటే నాకు కళ్లు కనపడలేదు. ఆ పాట నాదండీ, నేనే కట్టా అని అటూ ఇటూ చెప్పుకుంటున్నా. ఒకాయన, ఊరుకో పెద్దాయనా, మా వాడి గొంతు వినపడట్లేదు అని కసిరాడు. అదీ సంబరంగానే ఉంది.

చందర్లపాడు తర్వాత మన పాటలో మాట ఉండదు. లారీ తలుపు మీద ఒక్క దెబ్బ, అంతే. ఆ తర్వాత కీసర వంతెన. చిన్నప్పుడు నువ్వు నా భుజం మీద ఆ దెబ్బ కొట్టేదానివి. మీ బడి పిల్లలు బల్ల మీద కొడతారని నువ్వే చెప్పావు. నేను చెయ్యెత్తి, కుర్చీ మీద కొడదామని సిద్ధంగా ఉన్నా. పిల్లలు ఆగలేదు.

నందిగామ నడిబజార్లో నవ్వుకుందాం

అని పాడారు. నా ఎడమపక్క కూర్చున్న ముసలాయన అక్కడే లేచి వెళ్లిపోయాడు. నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

కార్యక్రమం అయ్యాక గుమ్మం దగ్గర పాటల పుస్తకం అమ్ముతుంటే ఒకటి తీసుకున్నా. పన్నెండో పేజీలో మన పాట. కింద, రచన షేక్ అఫ్రీన్ అని ఉంది. అచ్చులో పొరపాటనుకున్నా. నీకు చెబితే బాధపడతావని, నీ చుట్టూ జనం ఉండగానే కరస్పాండెంటు వీరేంద్ర గదిలోకి వెళ్లా. మర్యాదగానే కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. బాబూ, పాట నాది, పేరు తప్పు పడింది అన్నా. అతను నవ్వి, అలా అంటే ఎలాగండీ, మీ అమ్మాయే రాసిచ్చారు అని సొరుగులోంచి కాగితం తీశాడు. ఈ పాట నా సొంత రచన, దీని మీద హక్కులన్నీ మీకు ఇస్తున్నాను అనుంది. కింద నీ సంతకం. మూడో తరగతిలో నా చెయ్యి పట్టుకుని నేర్చుకున్న సంతకమే, మొదటి అ తోక కొంచెం ఎక్కువ వంపు. అది చూశాక టీ గ్లాసు బల్ల మీదే పెట్టి లేచొచ్చా.

నిన్న నువ్వు పనిచేసే బడికి వచ్చా. నువ్వు ట్రైనింగు కోసం బెజవాడ వెళ్లావన్నారు. హెడ్మాస్టరు తిరుపతిరావుగారు నాకు అర్థమయ్యేలా చెప్పారు. నాసర్‌గారూ, తరగతిలో పాఠానికి ఎవరి పాటైనా పాడించుకోవచ్చు, బడి పండక్కి తల్లిదండ్రుల ముందు పిల్లలు పాడినా తప్పులేదు, చట్టమే ఒప్పుకుంటుంది. పుస్తకంలో వేసి అమ్మాలంటే మాత్రం కట్టినవాణ్ణి అడగాలి, వాడి పేరు వేయాలి అన్నారు. ఇంకో సంగతి కూడా చెప్పారు. నువ్వు పిల్లల కోసం నా గొంతుతో ఫోన్లో యూట్యూబులో పెట్టిన పాట ఉంది చూడు, అది ఇప్పుడు లేదట. హక్కులు మావి అని ఆ పుస్తకం వాళ్లు ఫిర్యాదు చేసి తీయించారట. మీ ఆరో తరగతి పిల్ల ఒకతి నన్ను గుర్తుపట్టి, తాతా, నీ పాట ఎందుకు ఆగిపోయింది అనడిగింది.

అడిగితే ఇవ్వనా తల్లీ? నీకు ఇవ్వనిది ఏముంది నా దగ్గర? మీ అమ్మ నీ తరఫునే మాట్లాడుతోంది. తండ్రిది కూతురిది కాదా, వాళ్లు సొంత రచనైతేనే వేస్తామని అనుంటారు, పిల్ల ఏం చేస్తుంది అంటోంది. తండ్రి పొలం కూతురిది కావచ్చు రజియా, తండ్రి చెమట ఎలా అవుతుంది అన్నా. ఈ ఇంట్లో నీ గురించి మాటామాటా రావటం ఇదే మొదలు.

నువ్వు నన్ను పిలవకపోవటం మరుపు కాదని ఇప్పుడు తెలుస్తోంది. అదే గుచ్చుకుంటోంది. పరాయివాడు ఎత్తుకుపోతే తిట్టుకుని ఊరుకుందును. స్టేజీ మీద నా కూతురు శాలువా కప్పించుకుంటుంటే, ఎందుకో తెలియకుండా అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టింది నేను. అంత పిచ్చివాణ్ణి చేశావు.

ఆ నందిగామ ముక్క ఎవరు కలిపారు? వాళ్లు మా ఊరు లేకపోతే ఎలా అని ఉంటారు, నువ్వు రాసిచ్చి ఉంటావు. ఆ ఊరెందుకు లేదో నీకు చిన్నప్పుడే చెప్పా. అక్కడ కాటా వేసి లోడు ఎక్కువుందని ఆపేవాళ్లు, అందుకే మేం చందర్లపాడు లోపలి దారిన పోయేవాళ్లమని. తెలిసీ కలిపావు.

అందుకని నా మాట ఇది. ఆ కాగితం వెనక్కి తీసుకో. శాలువా తిరిగిచ్చెయ్. ఆ వరస కొట్టేయించి, కింద నా పేరు వేయించు. షేక్ నాసర్, లారీ డ్రైవరు అని. అంతవరకూ నేను నీ గుమ్మం తొక్కను.

నీ మంచి కోరే,
మీ అబ్బా
షేక్ నాసర్

మళ్లీ రాస్తున్నది:

కవరు అంటించి మళ్లీ చింపా. పైన రాసింది కొట్టేద్దామనుకున్నా. వద్దు, అట్లాగే ఉంచా, నువ్వు చూడాలి.

లేచి వెళ్లిపోయిన ముసలాయన ఎవరో రాయలేదు. సాంబయ్య. నా లారీ మీద తొమ్మిదేళ్లు క్లీనరు, లేచి నిలబడ్డాకే గుర్తుపట్టా. అతని మనవరాలు ఆ స్టేజీ మీదే పాడింది. పాట అతనిది. నాది కాదు.

వాడి భార్యని కాన్పుకి నందిగామ ఆసుపత్రిలో చేర్చిన రోజు మేం సిమెంటు లోడుతో ఆ ఊళ్లోంచే వెళ్తున్నాం. సాంబయ్య తలుపు మీద ఒక్క దెబ్బ కొట్టాడు. లారీ మీద ఒక్క దెబ్బంటే ఆపమని, రెండంటే పొమ్మని. లోడు దింపి తిరుగు దారిలో ఆగుదాంరా అని నేనే ఆపలేదు. తిరిగొచ్చేసరికి పిల్ల బతికుంది, తల్లి లేదు. సాంబయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అప్పట్నుంచి చందర్లపాడు దారిన పోదామన్నా అనేవాడు, పోయేవాణ్ణి. కాటా మాట నేను అల్లింది. తల్లిలేని పిల్లకి నాన్న ఏ దారిన వస్తున్నాడో తెలియాలని కట్టుకున్నాడు ఆ పాట. ఆ ఊరు రావాల్సిన చోట తలుపు మీద కొట్టి ఊరుకునేవాడు.

నీకు ఆరేళ్లప్పుడు ఎవరు కట్టారబ్బా అని కళ్లింత చేసుకుని అడిగావు. నేనే అన్నా. నీ మొహంలో వెలుగు చూశాక ఆ మాట వెనక్కి తీసుకోలేకపోయా. వాణ్ణి అడగలేదు. నీకంటే ముందు సంతకం పెట్టింది నేనే తల్లీ.

శనివారం నేను గుమ్మం దాకా వెంటపడితే సాంబయ్య తన పేరు గురించి అడగలేదు. నాసరన్నా, అక్కడ నవ్వుకుందాం అని ఎవరు రాశారన్నా అన్నాడు.

వాడిప్పుడు కీసరలో కూతురి దగ్గర ఉంటున్నాడు. రంజాన్ రోజాలు మొదలయ్యే లోపల, ఈ శనివారం పొద్దున ఎనిమిదింటి బస్సుకి వెళ్తున్నా. ముందు నేను అడగాలి, తర్వాత నువ్వు. ఆ కాగితం నకలు తెచ్చుకో. నీ గుమ్మం తొక్కనన్న మాట మాత్రం నువ్వే కొట్టేసుకో.

బస్సు నందిగామ మీదుగానే వెళ్తుంది. ఈసారి అక్కడ దిగుతా. స్టాండులో ఉండు.