ఆగిన రాకెట్, కట్టిన పెట్టె

రోలా, షార్జా
ఆదివారం

అక్కకు,

వసంత నమస్కారం. నువ్వూ పాపా బాగున్నారనుకుంటాను. అత్తమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ నేను బాగున్నాను. బావ కూడా బాగున్నాడు, ఒంట్లో ఏమీ లేదు. ఈ మాట ముందే రాస్తున్నాను, మిగతాది చదివి కంగారు పడతావని.

ఫోన్‌లో చెప్పవచ్చు. కానీ గదిలో ఆరుగురం ఉంటాం. పైమంచం మీద దుప్పటి కప్పుకుని గుసగుసగా చెప్పే సంగతి కాదు. పైగా నువ్వు ఏడిస్తే నాకు మాట రాదు.

చలి మొదలైంది. మన చలి కాదు, ఫ్యాను ఆపితే సరిపోయే చలి. పుస్తకాల దుకాణంలో పని మామూలే. చదువుకున్న పిల్లనని పెట్టుకున్నారు, రోజంతా నోటుపుస్తకాలకు ధర చీటీలు అంటిస్తాను. ఏదైనా పుస్తకం తెరిస్తే ఓనరు దగ్గుతాడు. అన్నం వేళకు తింటున్నాను. కరివేపాకు లేని పప్పు కూడా అలవాటైంది.

ఇక బావ సంగతి. ఈ నెల మొదట్లో జాతీయ దినం సెలవులకు అబుదాబి దగ్గరి మఫ్రఖ్ లేబర్ క్యాంపు నుంచి నా దగ్గరికి వచ్చాడు. భుజం మీద అట్టపెట్టె, చుట్టూ నీలం తాడు. ఊరికి పోయేవాళ్ళు కట్టే పెట్టె నీకు తెలుసు కదా, సెలవు దొరికిందని కట్టాడు. దాని మీద పేరు నా చేత రాయించుకోవాలని అంత దూరం మోసుకొచ్చాడు. కాన్వెంటులో సిస్టర్లు వేళ్ళ మీద స్కేలుతో కొట్టి నేర్పిన అచ్చు అక్షరాలు ఇక్కడ అందుకే పనికొస్తున్నాయి.

దుకాణం ఎదురుగా ఒక మలయాళీ ఆయన టీ హోటల్ ఉంది. ఈ దేశం తయారుచేసిన చిన్న బండిని చంద్రుడి మీదికి తీసుకుపోయే రాకెట్ ఆ రోజే ఎగురుతుందని అక్కడ టీవీ పెట్టారు. హోటలంతా జనం. ఆడమనిషిని నేనొక్కదాన్నే. తల వంచుకుని పెట్టె మీద బావ పేరు రాస్తూ కూర్చున్నాను.

"పెద్దగ రాయి పిల్లా, విమానంల కెల్లి గూడ కనవడాలె" అన్నాడు.

"ఊరు కూడా రాయనా?"

"రాయి. మీ అక్క పేరు గూడ రాయి. పెట్టె తప్పిపోయినా ఆమె తిట్లకు భయపడి తెచ్చిస్తరు."

అంతలో రాకెట్ ఆగిందన్నారు. తేదీ తర్వాత చెబుతారట. హోటలాయన "ఖలాస్, చాయ్ పియో" అని, ఇక అయిపోయింది టీ తాగండన్నట్టు ఛానల్ మార్చేశాడు.

"ఏమైందంట?" అన్నాడు బావ.

"ఏదో అనుమానం వచ్చిందట. ఇంకోసారి సరిచూసుకుని పంపుతారట."

"అనుమానమొస్తేనే ఆపిన్రా? మంచోళ్ళే. మా తాన స్కాఫోల్డింగు ఊగుతుందంటె ముదీర్ యల్లా యల్లా, జల్ది ఎక్కుండ్రి అంటడు."

అని నవ్వాడు. వాళ్ళ మేనేజరు గురించి ఎప్పుడు చెప్పినా అలాగే నవ్వుతాడు. నాకు నవ్వు రాలేదు.

తర్వాత కొన్ని రోజులకు ఫోన్ చేశాడు. సైటు పని వెనకబడిందని అందరి సెలవులూ ఆపేశారట. పాస్‌పోర్టు కంపెనీ ఆఫీసులోనే ఉంది, టికెట్టు వాళ్ళే తీయాలి.

"మీ చంద్రుని లెక్కనే నాదీ ఆగింది పిల్లా. అక్కకు చెప్పకు. వస్తననే ఆశన్న ఉండనీ."

"మళ్ళీ ఎప్పుడు పంపుతారట?"

"గా మాట అడిగితెనే ముదీర్ గుర్రుమన్నడు."

చెప్పకూడదనే అనుకున్నాను. కానీ నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా పాప చెవులు కుట్టించే మాటే ఎత్తుతావు. మనకు అన్నదమ్ములు లేరు, కూర్చోబెట్టడానికి మేనమామ ఒడి లేదు, అందుకని వాళ్ళ నాన్న ఒడి కోసం ఆపానంటావు. ఆ పిల్ల నాన్నను ఫోన్‌లో తప్ప చూడలేదు.

ఈ రోజు రాకెట్ మళ్ళీ ఎగురుతుందన్నారు. బావ వస్తానన్నాడు, రాలేదు. సెలవు రోజైనా పనికి పిలిచారట. అతని పక్క గదిలో ఉండే రాజన్న వచ్చాడు. మన పక్క ఊరి మనిషే, కంపెనీ వేరు, ఈ వారంలో ఇంటికి వెళ్తున్నాడు. అతని భుజం మీద బావ పెట్టె ఉంది.

"చెల్లె, నేను మోసుకపోయే పెట్టె మీద అన్న పేరుంటె ఎయిర్‌పోర్టుల లొల్లయితది. అది కొట్టేసి నా పేరు రాయి. అన్ననే చెప్పమన్నడు" అన్నాడు.

మార్కరు తీశాను. టీవీలో లెక్కపెడుతున్నారు. హోటల్లో అందరూ లేచి నిలబడ్డారు. చప్పట్లు వినబడి తలెత్తేసరికి తెర మీద పొగ మాత్రమే ఉంది. ఇన్నాళ్ళు ఎదురుచూసిన రాకెట్ ఎగరడం నేను చూడలేదు.

రాకెట్ ఆగినన్నాళ్ళూ ఎందుకు ఆగిందో వార్తల్లో మర్యాదగా చెబుతూనే వచ్చారు. బావ ఎందుకు ఆగాడో అతనికే ఎవరూ సరిగా చెప్పలేదు.

పెట్టెలో పాలపొడి డబ్బాలు, అత్తమ్మకు మోకాళ్ళకు రాసుకునే మందు, పాపకు గౌను ఉన్నాయి. గౌను పోయినసారి కూడా ఇలాగే సెలవు ఆగకముందు కొన్నది, పాపకు పొట్టి అవుతుందేమో. ఈ ఉత్తరం దాని మడతలో పెడుతున్నాను. నేను చెప్పానని తెలిస్తే బావకు కోపం వస్తుంది. రానీ. రాజన్న తిరిగి వచ్చేటప్పుడు నా ఇంగ్లీషు డిక్షనరీ, కాస్త కారప్పొడి పంపు. నా గురించి దిగులు పడకు, నేను బాగానే ఉన్నాను.

అత్తమ్మకు నా దండాలు చెప్పు, నన్ను దీవించమను. పాపకు ముద్దులు. కంసాలిని పిలిపించి దాని చెవులు కుట్టించెయ్యి. ఒడి ఎవరిదని ఎవరైనా అడిగితే నీదే అని చెప్పు. ఇంక ఆగకు.

నీ చెల్లెలు
వసంత

మరో మాట. పైన రాజన్న పేరు చూసి పెట్టె మనది కాదనుకున్నావేమో. బావ పేరు మీద ఒక్క గీతే గీశాను, కింద చదవడానికి వస్తుంది.