వెల్లుల్లి సంబరంలో ముందు వరుస కుర్చీ

చిరంజీవి చోవన్‌కు తాత ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, కోళ్ళూ, మీ నాన్న బిగించి వెళ్ళిన కొత్త బాయిలరూ కులాసాగానే ఉన్నాం. నువ్వూ, నీతో ఉండే పిల్లలూ వేళకి ఇంత అన్నం తింటున్నారని అనుకోవాలని ఉంది. టీవీలో మీ చేతులు చూస్తే అలా అనిపించడం లేదు.

నీ ఉత్తరం అందింది. ఫోన్లో నా నోట మాట రాదని ఉత్తరం రాశానన్నావు. నిజమే. కాగితం మీద మాత్రం వస్తుందా అంటే అదీ లేదు. కానీ కాగితం తొందరపెట్టదు.

మోకాలి సంగతి అడిగావు. నువ్వు పంపిన పట్టీ కట్టుకుంటున్నాను. మెట్లు దిగేటప్పుడు తప్ప నొప్పి లేదు. నల్లకోడి గుడ్లు మానేసింది. అయినా కోయబుద్ధి కాలేదు. వెల్లుల్లి రెబ్బలు నాటడం అయిపోయింది, మంచు పడేలోగా పైన గడ్డి కప్పాలి. మీ నాన్న ఓడల కార్ఖానా నుంచి నెలాఖరుకి వచ్చి సాయం పడతానన్నాడు. ఊళ్ళోవాళ్ళు నిన్ను 'నర్సమ్మ' అని ఎందుకంటున్నారని అడిగావు. దానికీ జవాబుంది. కొంచెం కిందకి వెళ్ళాక రాస్తాను.

మన ఊరి మొదట్లో బ్యానర్ కట్టారు. ఇంతకు ముందు అక్కడ బ్యానర్ వెలిసింది నామ్ వాళ్ళబ్బాయి జడ్జీ పరీక్ష ప్యాసైనప్పుడే. మీ పాటల బృందం పేరూ, నువ్వు వేదిక కోసం పెట్టుకున్న పేరూ కలిపి 'టిన్‌బెల్ రోవా మా ఊరి ఆడపడుచు' అని రాశారు. చోవన్ అని రాయండయ్యా, దాని పేరు అది కదా అన్నాను. 'చోవన్ ఎవరికి తెలుసు, రోవా అంటే దేశానికంతటికీ తెలుసు' అన్నాడు ఊరి పెద్ద బేక్. ఆ బ్యానర్ కింద నుంచి వెళ్ళడం కష్టమై పొలానికి కాలవ గట్టు మీదుగా తిరిగి వెళ్తున్నాను.

మీకు మొదటి బహుమతి వచ్చిన సాయంత్రం మేమంతా పెద్దల సావిడిలో టీవీ ముందు కూర్చుని ఉన్నాం. మీ పేరు పిలిచారు. మీ బృందంలో అందరికన్నా పెద్దదైన ఉన్జే ఏడుపు ఆపుకోలేక మైకు నీ చేతికిచ్చింది. నువ్వు అన్నావు: "వానలో అందరూ లేచిపోయినా చివరిదాకా కూర్చుని చప్పట్లు కొట్టిన మా తాతయ్యకి ఈ బహుమతి. ఆ రోజు ఆయన లేచిపోయి ఉంటే ఇవాళ మేము లేము."

సావిడిలో అందరి తలలూ నా వైపు తిరిగాయి.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! దేశమంతా చూసిన ఆ వాన వీడియోలో పసుప్పచ్చ కోటు ముసలాడివి నువ్వా?" అని బేక్ నా వీపు మీద చరిచాడు. "ఆ రోజు సంబరంలో మేమంతా దుకాణాల్లో వెల్లుల్లి జడలు అమ్ముకుంటుంటే నువ్వక్కడ కూర్చుని చప్పట్లు కొడుతున్నావా? ఇన్నాళ్ళూ మా పక్కనే ముల్లంగి కిమ్చీ నములుతూ ఒక్క ముక్క చెప్పావా?"

"ఆయనకి సిగ్గయ్యా," అంది యున్ ముసలమ్మ. "పెళ్ళినాడు పెళ్ళికూతురు మొహం కూడా చూడలేదట. ఎవరిని చేసుకున్నాడో మూడోనాడు గానీ తెలియలేదట."

"చూడండి చూడండి, చెవులు ఎట్లా ఎర్రబడ్డాయో!"

ఎర్రబడ్డాయి. అది వాళ్ళనుకున్న సిగ్గు కాదు.

చోవన్, నాకు చదువు తక్కువ, చుట్టూ తిప్పి రాయడం చేతకాదు. అయినా ఇంతసేపూ చుట్టూ తిప్పే రాశాను. ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను. కూర్చుని చదువు.

నువ్వు హైస్కూలు మధ్యలో వదిలేసి సియోల్‌లో ఆ పాటల కంపెనీలో చేరినప్పుడు నేను వద్దనలేదు. సరేనని కూడా అనలేదు. చోవన్ ఏం చేస్తోందని బేక్ అడిగితే 'నర్సు చదువుతోంది' అన్నాను. ఎందుకలా వచ్చిందో నోట్లోంచి. వచ్చాక వెనక్కి తీసుకోలేకపోయాను. నేలమాళిగలో, గోడలకి బూజు పట్టిన గదిలో పొద్దస్తమానం ఆడుతున్నామని, పొద్దున్నే బేకరీలో పనిచేసి తర్వాత సాధనకి వెళ్తున్నానని నువ్వు చెబుతుంటే, ఇక్కడ ఊళ్ళో నా మాటల్లో నువ్వు సూదులు వేయడం నేర్చుకుంటున్నావు. మీ పాటలు వచ్చాయి. ఎవరూ వినలేదు. సైన్యం శిబిరాల్లో, కొత్త దుకాణాలు తెరిచే చోట, చేపల బజారులో ఆడారు. ఇక్కడ నువ్వు ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరావు. పేరు మార్చుకున్నావు కాబట్టి ఎవరికీ తెలియదులే అనుకున్నాను. మీ పాట పైకి వచ్చాక టీవీలో నీ మొహం చూసి ఊరు గుర్తుపట్టింది, అయినా వేళాకోళానికి 'నర్సమ్మ' అనే అంటున్నారు.

పోయిన ఏడు వానల మొదట్లో మన పట్నంలో వెల్లుల్లి సంబరానికి మీరు వస్తున్నారని ఫోన్ చేశావు. మీ బృందం పేరు వీపు మీద అచ్చువేసిన పసుప్పచ్చ వానకోటు అంతకు ముందే పంపావు. అది వేసుకుని ముందు వరుసలో కూర్చున్నాను. నువ్వు వేదిక మీదికి వచ్చి నన్ను చూసి చెయ్యి ఊపావు. అంతవరకూ నిజం.

వాన పెద్దదైంది. కుర్చీలు ఖాళీ అవుతున్నాయి. నా వెనక కొండవతలి ఊరి రైతులు ఇద్దరు మిగిలారు. వెల్లుల్లి వేలంలో చూసిన మొహాలే.

"ఏం బట్టలయ్యా అవి? గుడ్డ కరువొచ్చిందా ఈ పిల్లలకి?" అన్నాడు ఒకడు.

"వీళ్ళ ఇళ్ళల్లో పెద్దవాళ్ళెవరూ లేనట్టున్నారు," అన్నాడు రెండోవాడు. "ఉంటే ఇలా వానలో గెంతనిస్తారా? ఏమండీ, మీ కోటు మీద వీళ్ళ పేరే ఉందే. మీ పిల్లలా?"

"కాదు," అన్నాను. "దారిలో ఎవరో పంచుతుంటే తీసుకున్నా."

ఇంకో మాట అడుగుతాడేమోనని భయమేసింది. పక్కన మొక్కజొన్న పొత్తులమ్మే గల్మల్ వదిన తన గంప మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, తాను తడుస్తూ నిలబడి ఉంది. కోటు విప్పి, 'తడుస్తున్నావు వదినా, వేసుకో' అని ఆమె చేతిలో పెట్టాను. దయకి కాదు. వదిలించుకోవడానికి. నా కుర్చీలో ఆమె కూర్చుంది. నేను పులుసన్నం గుడారంలోకి వెళ్ళాను.

అక్కడ పెద్ద గిన్నెడు తిన్నాను, చోవన్. లౌడ్‌స్పీకర్‌లో నీ గొంతు వినిపిస్తూనే ఉంది. ఊపిరి అందక, ఖాళీ కుర్చీలతో 'అందరికీ ధన్యవాదాలు' అని మీరు అంటుంటే నేను ముక్కలు ఏరుకుని తింటున్నాను.

తర్వాత మీ వ్యాన్లోంచి ఫోన్ చేశావు. "తాతా, చూశాను! ముసుగు కప్పుకుని చివరిదాకా కూర్చున్నావు కదూ? మేమంతా ఇవాళే మానేద్దామనుకున్నాం. నిన్ను చూసి ఉన్జే అక్క ఇంకొన్నాళ్ళు ఆగుదామంది," అన్నావు.

నేను 'ఊఁ' అన్నాను.

అంతే. నా అబద్ధం అంత చిన్నది. దాన్ని పట్టుకుని మీరు అంత పైకి ఎక్కారు. ఎవరో అభిమాని ఆ రోజు తీసిన వీడియో దేశమంతా చూసింది. అంతకు ముందెప్పుడో వచ్చి పోయిన పాట మళ్ళీ లేచి మొదటి స్థానానికి వచ్చింది. నువ్వు నా పేరు చెప్పిన ప్రతిసారీ ఇవాళ రాద్దాం, రేపు రాద్దాం అనుకున్నాను.

ఇప్పుడు నీ ఉత్తరంలో వచ్చే గురువారం టీవీవాళ్ళు మన ఇంటికి వస్తారని, నేను ఏమీ మాట్లాడక్కర్లేదని, ఆ కోటు వేసుకుని అరుగు మీద కూర్చుంటే చాలని రాశావు. అది చదివి నేను ఏం చేశానో తెలుసా? నీకు నిజం రాయలేదు. కోటు కోసం వెళ్ళాను.

గల్మల్ వదిన వాకిట్లో పాత చాప మీద కూర్చుని ఎండు మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"వదినా, పోయినేడు నీకొక కోటిచ్చాను," అన్నాను.

ఆమె తలెత్తలేదు. "గురువారం టీవీవాళ్ళు వస్తున్నారటగా."

"ఊఁ."

"లోపల మేకుకుంది. ఉతికే ఉంచా. చేతులు నాకు పొడుగు, వంటకి పనికిరాదు."

తెచ్చుకున్నాను. వెళ్ళిపోతే అయిపోయేది. వెళ్ళలేకపోయాను. "నీకు తెలుసా వదినా, ఆ పిల్ల..."

"తెలియకపోవడమేంటయ్యా? ఇంత పిల్ల అప్పట్నుంచీ నా పొత్తులు తిన్న పిల్ల. జుట్టుకి ఏం రంగు పూస్తే మాత్రం, మెడ పక్కకి వంచి నవ్వుతుంది కదా. అట్లా నవ్వగానే పట్టేశా. నీకు సైగ చేద్దామని చూస్తే, నువ్వు గుడారం గుడ్డ ఎత్తుకుని లోపలికి పోతున్నావు."

నేను చేతిలోని కోటుని ఇంకోసారి మడతపెట్టాను.

"ఎడమ కాలు బెణికినట్టుంది దానికి," అంది. "ఎగిరినప్పుడల్లా పళ్ళు బిగిస్తోంది. పడుతుందేమోనని నాకు ప్రాణం పోయింది. ఏం చెయ్యను? పడకే, పడకే అంటూ చప్పట్లు కొట్టా. పాటకి కొట్టలేదయ్యా. ఆ పాట నాకేం అర్థమవుతుంది?"

"ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదు వదినా?"

"నాకెందుకు? నీ మనవరాలు, నీ నోరు. నువ్వే చెబుతావని చూశా." ఒక మిరపకాయ విరిచి చూసి పక్కన పడేసింది. "కుళ్ళింది. నిన్ను కాదులే, కాయని అంటున్నా."

కోటు ఇంటికి తెచ్చాను. ఒకసారి వేసుకుని అరుగు మీద కూర్చున్నాను, టీవీవాళ్ళు ఉన్నట్టే. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆడే మనిషికి ఏ కాలు నొప్పో చూసినవాడే కదా చూసినట్టు. నీ కాలు బెణికిందని నాకు నిన్నటిదాకా తెలియదు. నీ తాతని.

ఇవాళ పొద్దున్నే కోటు వెనక్కి ఇచ్చేశాను.

"ఏంటయ్యా ఈ తిరుగుడు? నా ఇల్లేమన్నా బట్టల కొట్టనుకున్నావా?" అని కేకలేసింది. గురువారం వాళ్ళని నీ దగ్గరికే తీసుకొస్తాను వదినా అన్నాను. "వద్దు బాబూ, నా బోసినోరు దేశమంతా చూడాలా?" అంది. తర్వాత నేను గేటు దాటుతుంటే వెనక నుంచి అడిగింది: "దాని కాలు తగ్గిందా?"

నాకు తెలియదన్నాను. కనుక్కుని చెప్పమంది. అందుకని అడుగుతున్నాను. తగ్గిందా?

బేక్‌కీ, ఊళ్ళోవాళ్ళకీ ఇంకా చెప్పలేదు. ముందు నీకు తెలియాలి. నువ్వు వేదిక మీద నిలబడి అన్నమాట అబద్ధమైపోతుందని నాకు భయంగా ఉంది. మీ పిల్లలు నన్ను ఏమనుకున్నా పరవాలేదు, నిన్ను అనకూడదు. ఉన్జేకి చెప్పు, ఆ రోజు మీరు చూసింది కల కాదని. వానలో ఒక మనిషి నిజంగానే చివరిదాకా కూర్చుంది. నెత్తురు సంబంధం ఏమీ లేకుండా, పాట అర్థం కాకుండా, నీ కోసం కూర్చుంది. కూర్చోవలసినవాడే లేచిపోయాడు. నేను చెబితే 'సిగ్గరి ముసలాడు, గొప్ప వద్దనుకుంటున్నాడు' అని నవ్వేస్తారు. నువ్వు చెబితే నమ్ముతారు. మా తాత లేచి వెళ్ళిపోయాడని నువ్వే టీవీలో చెప్పు. మెత్తగా చెప్పక్కర్లేదు.

నువ్వు చెప్పే రోజున నేను సావిడిలో, అందరి మధ్యా, టీవీకి ఎదురుగా కూర్చుంటాను. వాళ్ళు నా వైపు తిరుగుతారు. తిరగనీ. కార్యక్రమం అయిపోయేదాకా అక్కడి నుంచి లేవను.

ఇట్లు,
నీ తాత
తాక్ ప్యోంగ్‌ఛే